నీళ్ళు పోసిన పరుపు

పాత పరుపు విప్పితే ముందు బయటికి వచ్చేది దూది కాదు, వాసన. నూర్జాన్ కొంగు ముక్కుకి అడ్డంగా కట్టుకుని, బత్తలపల్లెలో తమ ఇంటి వసారాలో కూర్చుని, ఆ వాసనలోకి మోచేతుల దాకా చేతులు పెట్టి గడ్డలు లాగుతోంది. ఏ ఇంటి చెమటో, ఏ పసిబిడ్డ ఉచ్చో, ఏ ముసలాయన కఫమో, అన్నీ అందులోనే ఉంటాయి. ఆ గడ్డల్ని వేళ్ళతో పీకి, పాయలు విడదీసి, దుమ్ము దులిపి కుప్ప పోస్తే, అప్పుడు ఆమె మొగుడు జిలాన్ బాషా విల్లు తెచ్చి, దాని నారిని కొయ్యతో టంగుటంగుమని కొడుతూ దూది ఏకుతాడు. ఆ చప్పుడు వీధి చివరి దాకా వినిపిస్తుంది. గడ్డలు పీకే వేళ్ళకు చప్పుడేముంటుంది? అందుకే చుట్టుపక్కల ఊళ్ళల్లో “జిలాను పరుపు చేసినాడంటే పదేండ్లు నలగదు” అంటారు. నూర్జాన్ పేరు ఎవరి నోటా రాదు.

“నీకేం మే, నీడపట్టున కూచోని దూది గిల్లేదే గదా. నేను విల్లు భుజానేసుకోని ఎండలో ఊరూరా తిరగల్ల” అంటుంటాడు జిలాన్ బాషా. కోపంతో అనే మాట కాదు. చెమట తుడుచుకుంటూ, నీళ్ళ చెంబు అందుకుంటూ, ఉన్న సంగతి చెప్పినట్టు చెబుతాడు. నూర్జాన్ కూడా చాలా ఏళ్ళు అది నిజమనే అనుకుంది. తెల్లారకముందే వంకకు పోయి, ఇసకలో తవ్విన చెలమ దగ్గర తన వంతు వచ్చేదాకా నిలబడి, ఊరే నీళ్ళు ముంతతో తోడి బిందె నింపుకుని రావడం, రాగిసంగటి కెలకడం, అత్త రంజాన్ బీ మోకాళ్ళకు ఆముదం రాయడం, గడ్డలు పీకడం, మొగుడు ఏకిన దూదిని పరుపు గుడ్డలో ఎత్తుపల్లాలు లేకుండా పరవడం, దబ్బనం ఎక్కించి లాగి లాగి కుట్టడం, ఇన్నీ కలిపితే దాని పేరు ఇంట్లో ఊరికే ఉండటం. కొత్త పైసలు వచ్చి రెండేళ్ళయినా రంజాన్ బీ ఇంకా అణాల్లోనే లెక్క చూసుకునేది గానీ, కోడలి పనికి మాత్రం ఆ లెక్కలోనూ ఈ లెక్కలోనూ చోటు లేదు.

ఇన్ని పనుల మధ్య ఆమెకు ఇంకో పని కూడా పడింది. దాని పేరు మాబున్ని. నాలుగేళ్ళ పిల్ల, నోరు చూస్తే నలభై ఏళ్ళది. నిద్ర లేవడమే “ఎందుకు?” అంటూ లేస్తుంది. తూర్పున ఉండే సూర్యుడు పడమటికి ఎప్పుడు నడిచినాడు, మనం చూడలేదెందుకు? చీమలు ఒకదానికొకటి ఎదురైతే ఆగుతాయెందుకు, ఏం చెప్పుకుంటాయి? జేజికి పళ్ళు రాలిపోయినాయి గదా, మళ్ళా మొలుస్తాయా, మొలవకపోతే నాకెందుకు మొలిచినాయి? ఈ ఆఖరుదానికి రంజాన్ బీ ఇచ్చిన జవాబు వీపు మీద ఒక దెబ్బ.

ఒకనాడు జిలాన్ బాషా విల్లుకు కొత్త నారి కడుతున్నాడు. మాబున్ని వచ్చి ఆయన మోకాలికి ఆనుకుని నిలబడింది.

“నాయనా, ఇది మేక పేగంట గదా?”

“ఊ.”

“అయితే నువ్వు కొట్టినప్పుడు టంగుమనేది మేకేనా? సచ్చిపోయినా దానికి నొప్పి తెలుస్తాందా?”

నారి బిగిస్తున్న జిలాన్ బాషా చెయ్యి ఆగింది. చిన్నప్పటినుంచి విల్లు పట్టినవాడు, తండ్రి అబ్దుల్ గఫూర్ చేతికింద నేర్చినవాడు. ఆ మాట ఏనాడూ ఆయనకు తోచలేదు. ఒక్క క్షణం నవ్వబోయినట్టు కనిపించింది నూర్జాన్‌కు. అంతలోనే “పో లోపలికి, పని చేసేటప్పుడు అడ్డం రావద్దు” అని కసిరాడు. మాబున్ని లోపలికి పోయింది. పోయి ఊరుకుందా? సాయంత్రానికి పురికొస ముక్క ఒకటి సంపాదించి, ఒక కొస కాలి బొటనవేలికి, రెండో కొస పంటికి బిగించి, మధ్యలో వేలితో మీటుతూ కూర్చుంది. “మా, దీంట్లో మేక లేదు. అయినా మోగుతాంది. బిగిస్తే సన్నగా, వదిలితే లావుగా” అని పళ్ళ మధ్యనుంచే చెప్పింది. నూర్జాన్ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంకొకనాటి సంగతి. పత్తిగింజలు తీస్తున్నారు తల్లీకూతుళ్ళు. మాబున్ని వసారా గట్టెక్కి, ఒక చేత్తో ఉత్త గింజ, ఇంకో చేత్తో దూది అంటుకున్న గింజ పట్టుకుని గాలికి వదులుతోంది. ఉత్తగింజ కాళ్ళ దగ్గరే పడుతోంది. దూది గింజ వీధిలో దాకా పోతోంది. ఎన్నిసార్లు వదిలిందో, ఎన్నిసార్లు దిగి ఏరుకొచ్చిందో. చివరికి వచ్చి తల్లి ఒళ్ళో చేతులు పెట్టి, “గింజకి ఊరు పోవల్లని ఉంటాది మా. అందుకే దూది కట్టుకుంటాది” అంది. నూర్జాన్ చేతిలో పత్తికాయ అట్లాగే ఉండిపోయింది. ఊహ తెలిసినప్పటినుంచి పత్తిలోనే పుట్టి పత్తిలోనే పెరిగింది. దూది పరుపుల కోసమే కాస్తుందని అనుకుంది. చెట్టుకు పరుపుతో ఏం పని? దాని బిడ్డను అది దూరం పంపుకోవాలి, అంతే. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళు తన కళ్ళ ముందే ఉండి కనిపించలేదు. అట్లా ఆలోచిస్తూ ఎంతసేపు కూర్చుందో, పొయ్యి మీద సంగటి అడుగంటింది.

“తల్లీబిడ్డలు గింజలు ఎగరేసుకుంటాంటే సంగటి ఎవురు కలుపుతారు? కందకు లేని దురద కత్తిపీటకెందుకంట!” అని రంజాన్ బీ ఆ పూటంతా దెప్పింది. జిలాన్ బాషా మాడు వాసన వచ్చే సంగటి ముద్దలో కొంచెం తుంచి తిని పక్కకు నెట్టాడు. నూర్జాన్ దాన్ని తను తిన్నది. తింటూ అనుకుంది, పిల్ల అడిగినదానికి బదులు చెప్పడమంటే నోరు తెరవడం ఒక్కటే కాదు. చేతిలో పని పక్కన పెట్టాలి. పిల్ల చూపించిన వైపు చూడాలి. తనకు తెలియదని ఒప్పుకోవాలి. అది కూడా పనే. నీళ్ళు మోసినంత పని. ఆ పనికి ఇంట్లో ఎవరూ టైము ఇవ్వరు, ఇవ్వకపోగా అడుగంటిన సంగటి లెక్క అడుగుతారు. అందుకే గదా ప్రతి తల్లీ “నోర్ముయ్” అనే మాట నేర్చుకుంటుంది. అది దుర్మార్గం కాదు, తీరిక లేకపోవడం.

ఇదంతా ఒక ఎత్తు, పెద్దకూతురు ఖాతూన్‌బీ సంగతి ఇంకో ఎత్తు. తొమ్మిదేళ్ళ పిల్ల. గడ్డలు పీకమంటే పీకుతుంది. లేవమంటే లేస్తుంది. తినమంటే తింటుంది, కారం ఎక్కువైనా నీళ్ళు అడగదు. వీధిలో ఆంజినమ్మ లాంటివాళ్ళు “నీ పెద్దపాప బంగారమమ్మా, ఇంట్లో ఉండాదో లేదో తెలీదు” అని మెచ్చుకుంటారు. రంజాన్ బీ ఆ మెప్పు తనదన్నట్టు తల ఊపుతుంది. ఒక విధంగా అది ఆమెదే.

ఖాతూన్ కూడా నాలుగేళ్ళప్పుడు మాబున్ని లాంటిదే. అప్పుడు అబ్దుల్ గఫూర్ చనిపోయాడు. శవానికి స్నానం చేయించి, దవడ జారకుండా గుడ్డతో కట్టి పడుకోబెట్టారు. ఊరూరినుంచి వచ్చిన బంధువులంతా నిండి ఉన్న ఇంట్లో ఖాతూన్ తాత ముఖం మీదికి వంగి చూసి, గొంతెత్తి అడిగింది. “అబ్బ నోరెందుకు కట్టినారు? మాట్లాడతాడనా?” ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు ఆపారు. ఎవరో మూల కూర్చున్న ఆడమనిషి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు రంజాన్ బీ మర్చిపోలేదు. ఫాతేహాలు అయిపోయి బంధువులు వెళ్ళాక, పిల్లకు గాలి సోకిందని తేల్చింది. పసుపుకొమ్ము నిప్పుల్లో ఎర్రగా కాల్చి, బిస్మిల్లా అని, పిల్ల బొడ్డు పక్కన సురుకు పెట్టింది. ఆ ప్రాంతంలో ఇది కొత్త కాదు. పిల్లకు కడుపునొప్పి వచ్చినా సురుకే, రాత్రి ఉలిక్కిపడినా సురుకే, మాట మానకపోయినా సురుకే. కాల్చేది ముసలామె, కాళ్ళు పట్టుకునేది తల్లి. పద్ధతి అది. నూర్జాన్ పట్టుకుంది. పట్టుకోనని అనొచ్చునని ఆమెకు ఆనాడు తట్టనే లేదు.

పుండు మానింది. పిల్ల మాట కూడా మానింది. ఇంట్లో అందరూ మందు పని చేసిందన్నారు. తర్వాత ఖాతూన్‌ను బడిలో వేస్తే, అయ్యవారు యేసన్న కొన్నాళ్ళు చూసి, నీళ్ళకు పోతున్న నూర్జాన్‌ను దారిలో ఆపి చెప్పాడు. “చెప్పిందంతా అప్పజెప్తాదమ్మా మీ పాప. ఒక్క అచ్చరం తప్పు పోదు. కానీ నేను కావాలని తప్పు చెప్పినా అదే అప్పజెప్తాది. ఇదేంది సార్ అని ఒక్కసారన్నా అడగదు. అడగని పిల్లకి నేనేం చెప్పేది? నేను పలక మీద రాసేవాణ్ణే గదా, పిల్ల లోపల రాసేవాణ్ణి కాను.” నూర్జాన్ బిందె చంక మార్చుకుని “సరే సారు” అంది. ఆ ఏడు పని ఎక్కువ పడి, ఖాతూన్‌ను బడి మాన్పించారు. మానమంటే మానింది. ఎందుకని అడగలేదు.

కాబట్టి మాబున్ని నోరు విప్పినప్పుడల్లా నూర్జాన్‌కు నవ్వూ వచ్చేది, గుండె జల్లుమనేది. రంజాన్ బీ చెవులు అటే ఉండేవి మరి. “దీనికీ సోకింది మే గాలి. మొక్కై వంగనిది మానై వంగునా? ఇంకొక్క పిచ్చి పని చేసిందంటే సురుకు పెట్టల్సిందే” అని రెండు మూడుసార్లు హెచ్చరించింది. ముసలామెకు మనవరాలి మీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు. రోజూ తన వంతు బెల్లం ముక్కలో సగం దాచి మాబున్ని నోట్లో పెట్టేది ఆమే. ఎక్కువ అడిగే ఆడపిల్ల అత్తింట్లో తన్నులు తింటుందని ఆమె భయం. తనకు అట్లా తినడం అనుభవమే.

ఆ వారం ఇంట్లో కొత్త పరుపు ఒకటి తయారైంది. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి శ్రీరంగప్ప కూతురి పెళ్ళి పరుపు. ఎర్రచారల కొత్త గుడ్డ ఆయనే పంపాడు, నాలుగు మూలలా పసుపు అంటించి. కొత్త పత్తి. నూర్జాన్ కుట్లు ఒకదానికొకటి కొలిచినట్టు వేసింది. మర్నాడు పొద్దున్నే బండి వస్తుంది. ఆ పరుపు ఆ ఇంట్లో నచ్చితే ధర్మవరం మగ్గాల వీధుల్లో పెళ్ళిపరుపులన్నీ తన చేతికే వస్తాయని జిలాన్ బాషా ఆశ. పరుపును లోపల మంచం మీద పరిచి, పైన పాతచీర కప్పి, సంతకు వెళ్ళాడు.

నూర్జాన్ వసారాలో పాత పరుపు ముందు వేసుకుని గడ్డలు పీకుతోంది. ఖాతూన్ పక్కన కూర్చుని విడదీస్తోంది. మాబున్ని ఒక గడ్డ చేతిలోకి తీసుకుని నొక్కి చూసింది.

“మా, కొత్తప్పుడు మెత్తగుండి, ఇప్పుడు గడ్డలెందుకు కట్టింది?”

“పిల్లలు ఉచ్చ పోస్తే కడ్తాది.”

“పిల్లలు లేని ఇంట్లో?”

“ఆడా కడ్తాది.”

“అప్పుడెవురు పోస్తారు?”

“చెమట పడ్తాది గదే, తడిస్తే గడ్డ కడ్తాది.”

“ఉత్త నీళ్ళకీ కడ్తాదా?”

నూర్జాన్ ముక్కులోకి దుమ్ము పోయి తుమ్ములు తెరలు తెరలుగా వచ్చాయి. నడుము లాగుతోంది. పొయ్యి మీద పప్పు ఉంది. నిజానికి ఆమెకు జవాబు తెలియదు. “పోసి చూడు పో! నా పానం తినొద్దు” అంది.

మాబున్ని లేచి పోయింది. నూర్జాన్‌కు కాసేపు హాయి అనిపించింది.

ఎంతసేపైందో, రంజాన్ బీ వక్కాకు కోసం లోపలికి వెళ్ళి పెట్టిన కేక వీధంతా వినిపించింది. నూర్జాన్ పరుగెత్తింది. మంచం మీద మాబున్ని మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. పరుపు మూల నాలుగు కుట్లు చేతివేళ్ళతోనే పొందిగ్గా విప్పింది. పక్కన చెంబు ఖాళీగా ఉంది. పిల్ల కుడిచేయి భుజం దాకా పరుపులో ఉంది. ఎర్రచారల గుడ్డ మీద తడి చాపలా పరుచుకుంది. జేజిని చూసి మాబున్ని మొహం వెలిగిపోయింది. “జేజీ, ఇంకా గడ్డ కట్టలేదు! మెత్తగ అణిగిపోయింది అంతే!” అని చెప్పింది, ముసలామె కూడా అదే తెలుసుకోవాలని వచ్చినట్టు.

“పాత పరుపులో పోసి చూడొచ్చు గదే, పాడుముండా!” అంది నూర్జాన్.

“అది ముందే గడ్డ కట్టుండాది గదా మా. దాంట్లో పోస్తే ఏం తెలుస్తాది?”

తప్పు పట్టడానికి ఏముంది ఆ మాటలో?

జిలాన్ బాషా పొద్దు వాలుతుండగా వచ్చాడు. తడిసిన పరుపు చూసి మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు. అరవలేదు. “పెండ్లి పరుపు మే. ముందే నీళ్ళు తాకిందని తెలిస్తే మంచి శకునం కాదని శ్రీరంగప్ప దీన్ని ముట్టను కూడా ముట్టడు. ధర్మవరమంతా చెప్తాడు. రేపు బండొస్తే నేనేం మొగం పెట్టుకోని మాట్లాడల్ల?” అన్నాడు. తర్వాత లేచి, తనకు తనే పని చెప్పుకున్నట్టు చెప్పాడు. “కుట్లన్నీ విప్పల్ల. తడిదంతా పీకి పొయ్యి కాడ ఆరబెట్టల్ల. గుడ్డ ఉతికి ఆరేయల్ల. నేను మళ్ళా ఏకుతా. తెల్లారేలోగా కుట్టల్ల.” ఏకడం ఒక్కటి తనది. విప్పడం, పీకడం, ఆరబెట్టడం, ఉతకడం, కుట్టడం ఎవరివో చెప్పనక్కర్లేదు. నూర్జాన్ అప్పటికే కొంగు బిగించింది.

“అది తర్వాత. ముందు పిల్ల సంగతి” అంది రంజాన్ బీ. ఆమె పసుపుకొమ్ము అప్పటికే పొయ్యిలో పెట్టి వచ్చింది. “నేను కోపంతో చెప్తాండేది కాదు అబ్బయ్యా. ఇది మందు. పెద్దదానికి పెట్టినా గదా, ఎంత బాగైందో చూడు. దీన్ని ఇట్లనే వదిలితే రేపు అత్తింట్లో పొయ్యిలో చెయ్యి పెట్టి చూస్తాది, బావిలో దూకి చూస్తాది.”

జిలాన్ బాషా కూతురి వైపు చూశాడు, పరుపు వైపు చూశాడు. “కానీండి బిరీన” అన్నాడు. కాల్చేటప్పుడు మగవాళ్ళు ఉండరు. విల్లు తీసుకుని వీధరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాడు.

వంటింట్లో చాప పరిచి మాబున్నిని పడుకోబెట్టింది రంజాన్ బీ. పిల్ల ఏదో కొత్త ఆటేమో అన్నట్టు పడుకుంది. పసుపుకొమ్మును పటకారుతో తీసుకుని “బిస్మిల్లా” అంది ముసలామె. “పట్టుకో మే కాళ్ళు.”

నూర్జాన్ ముందుకు రాలేదు.

“నేను పట్టుకోను అత్తా.”

“ఏమంటివీ?”

“పోసి చూడమని చెప్పింది నేను. గడ్డ ఎందుకు కడ్తాదని అడిగింది. నాకు తెలీదు. తెలీదని చెప్పల్సింది. చెప్పకుండా పోసి చూడు పో అన్న్యా. పోసి చూసింది. దాంట్లో గాలేముంది, రోగమేముంది?”

వీధరుగు మీదినుంచి జిలాన్ బాషా గొంతు వచ్చింది. “నీకు తెలీకపోతే నోర్ముయ్యమని చెప్పల్ల. అది గూడ తెలీదా?”

“చెప్తానే ఉండా. పొద్దన్నుంచి మాపటిదాకా అదే చెప్తాండా” అంది నూర్జాన్, గొంతు పెంచకుండా.

రంజాన్ బీ చల్లగా నవ్వింది. ముసలామె రవిక కింద, మోచేతుల మీద, చీలమండల దగ్గర ఎన్ని పాత మచ్చలున్నాయో నూర్జాన్‌కు తెలుసు, ఆముదం రాసేది తనే గదా. “నాకు పెట్టలేదా మే? నేను బతకలేదా? సంసారం చేయలేదా? నీ మొగుణ్ణి కనలేదా? మన బాగుకే గదా పెట్టినారు. నువ్వు పట్టుకోకపోతే ఏం, నీ చేతులొకటేనా ఈ ఇంట్లో ఉండేది? ఖాతూనా! రా బిడ్డా, నువ్వు రా. చెల్లెలి కాళ్ళు పట్టుకో.”

వసారాలోనుంచి ఖాతూన్ వచ్చింది. చేతులకు అంటుకున్న దూది పరికిణీకి తుడుచుకుంది. చాప దగ్గర కూర్చుని చెల్లెలి రెండు కాళ్ళూ దగ్గరికి చేర్చి, చీలమండల పైన ఒక చెయ్యి, మోకాళ్ళ కింద ఒక చెయ్యి వేసి, పిల్ల తన్నడానికి వీల్లేకుండా తన బరువంతా ముందుకు వంచింది. నూర్జాన్ చూస్తూ నిలబడింది. ఐదేళ్ళ కింద తను పట్టుకున్నది ఇట్లాగే. ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద, బరువు ముందుకు. ఎవరూ నేర్పలేదు ఖాతూన్‌కు. బడిలో యేసన్న చెప్పింది ఏది తలకెక్కిందో లేదో గానీ, ఇది మాత్రం ఒక్కసారికే, ఒంటిమీదే, తప్పు లేకుండా వచ్చేసింది.

మాబున్ని ఏడవలేదు. తల ఎత్తి జేజి చేతిలోని ఎర్రటి కొస వైపే చూస్తోంది. “జేజీ, పచ్చగుండే పసుపు నిప్పుల్లో పెడితే ఎర్రగెందుకైతాది?”

రంజాన్ బీ చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగింది. ఆ ఒక్క క్షణం చాలింది. నూర్జాన్ వంగి పటకారు మీద చెయ్యి వేసి, అత్త చేతిలోంచి లాక్కుని, పసుపుకొమ్మును కుండలోని కడుగునీళ్ళలో ముంచింది. చుయ్యిమంది. తర్వాత ఖాతూన్ ఎదురుగా కూర్చుని, ఆ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటిగా చెల్లెలి కాళ్ళ మీదినుంచి విడదీసింది. గట్టిగా ఉన్నాయి ఆ వేళ్ళు. మంచి పనిమంతురాలి వేళ్ళు.

“కాళ్ళు పట్టుకోనని చెప్పేదేంది, పైగా నా చేతిలోంచి లాక్కునేదేంది! కొడకా, చూడ్రా నీ పెండ్లాం...” అని రంజాన్ బీ అరవడం మొదలుపెట్టింది. జిలాన్ బాషా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నూర్జాన్ ఎవరివైపూ తిరగలేదు.

“జేజి పట్టుకోమంటే పట్టుకుంటివి. ఎందుకని అడిగినావా?”

ఖాతూన్ మొదట జేజి మొహం చూసింది, తర్వాత తండ్రి మొహం, ఆ తర్వాత తల్లి మొహం. ఎవరికి ఏ జవాబు కావాలో వెతుక్కుంటున్నట్టుంది.

“అడగల్ల బిడ్డా. ఎందుకని అడగల్ల. ఏదో ఒకటి అడుగు. తప్పైనా పర్వాలేదు.”

“దానికేం పట్టింది అడగడానికి? అది మంచి పిల్ల” అంది రంజాన్ బీ.

“నూర్జానా, పొద్దు పోతాంది” అన్నాడు జిలాన్ బాషా. ఆ గొంతులో కోపం లేదు, బతిమాలడం ఉంది. “దూదంతా పీకల్ల. నువ్వు చెయ్యి పెట్టకపోతే ఆ పని కాదు. అది నాకు గూడ తెలుసు. లెయ్.”

ఇన్నేళ్ళలో ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. వేరే రోజైతే దానికే నూర్జాన్ పొంగిపోయి, రాత్రంతా కుట్టేది. ఆ రోజు మాత్రం విననట్టే కూర్చుంది. ఖాతూన్ చేతులు తన చేతుల్లోనే ఉన్నాయి. చల్లగా ఉన్నాయి. మాబున్ని లేచి కూర్చుని, కుండలో తేలుతున్న నల్లటి పసుపుకొమ్మును వేలితో నెడుతూ, అక్క నోటివైపు చూస్తోంది. వంటింట్లో అందరూ ఆ పిల్ల నోటివైపే చూస్తున్నారు. ఖాతూన్ పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. గొంతు బయటికి వచ్చేసరికి ఎప్పుడూ వాడని తలుపు తెరిచినట్టు కిర్రుమంది.

“అప్పుడు... నన్ను నువ్వెందుకు పట్టుకుంటివి మా?”

జిలాన్ బాషా తల దించుకున్నాడు. పారిపోదామనిపించింది నూర్జాన్‌కు. నోర్ముయ్ అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది, అలవాటు చొప్పున. దాన్ని మింగేసింది. బయట చీకటి పడుతోంది, లోపల మంచం మీద పరుపు తడితడిగా అట్లాగే ఉంది, బండి పొద్దున్నే వస్తుంది.

“నూర్జానా, దూది...” అన్నాడు జిలాన్ బాషా, మెల్లగా.

“ఉండు” అంది నూర్జాన్, కూతురి మొహంలోంచి చూపు తిప్పకుండా. “పిల్ల అడిగింది. జవాబు చెప్పి వస్తా.”